అమెరికాలో కామిక్స్‌ను రాయితీ ధరకు పోస్టు చేయడం ఎలా? మీడియా మెయిల్‌కి ఏవి పనికొస్తాయి, ఏవి పనికిరావు

అమెరికా తపాలా శాఖ యూఎస్‌పీఎస్ పుస్తకాలకు ఇచ్చే రాయితీ ధర పేరు మీడియా మెయిల్. ఇది 1938లో అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఉత్తర్వుతో మొదలైంది. అప్పట్లో పౌండు బరువున్న పుస్తకాలు దేశంలో ఎక్కడికైనా ఒకటిన్నర సెంటుకే వెళ్లేవి. చాలాకాలం దీన్ని బుక్ రేట్ అనేవారు, పాత పుస్తకాల వ్యాపారులు ఇప్పటికీ ఆ పేరే వాడతారు. పేరు మారినా మూల నియమం మారలేదు. చదువుకునే పుస్తకానికి రాయితీ ఉంది, వ్యాపార ప్రకటనలు మోసే కాగితానికి లేదు.

కామిక్స్ పంపేవాళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే. కామిక్ కూడా పుస్తకమేగా అని మీడియా మెయిల్ లేబుల్ అంటించేస్తారు. దారిలో తపాలా శాఖ పెట్టె తెరిచి చూస్తే, అవతల అందుకునేవాళ్ల చేత మిగతా చార్జీ కట్టిస్తారు, లేదా పార్శిల్ మీ ఇంటికే తిరిగొస్తుంది. ఇంకొందరు కామిక్ అన్నాక మీడియా మెయిల్ కుదరదని తేల్చేసుకుని, ఏడెనిమిది పౌండ్ల గట్టి అట్ట సంపుటాలకు కూడా మామూలు పార్శిల్ ధర కడతారు. రెండూ పొరపాటే. కింద చెప్పిన వరుసలో చూసుకుంటే ఏ పుస్తకానికి ఏ ధర వర్తిస్తుందో మీకే తెలుస్తుంది.

నియమం ఏమంటుంది

యూఎస్‌పీఎస్ నిబంధనల గ్రంథం డొమెస్టిక్ మెయిల్ మాన్యువల్. అందులో మీడియా మెయిల్ పుస్తకానికి పెట్టిన షరతులు ఇవి: కనీసం 8 అచ్చు పేజీలు ఉండాలి, మొత్తం చదువుకునే విషయమే అయ్యుండాలి, రాసుకోవడానికి అక్కడక్కడా కాస్త ఖాళీ వదిలినా పరవాలేదు, ప్రకటనలు మాత్రం ఉండకూడదు. ప్రకటన అంటే ఇతరులు డబ్బిచ్చి వేయించుకున్నదే కాదు, ప్రచురణకర్త తన సరుకు గురించి వేసుకున్నదీ ప్రకటనే. అది బొమ్మతో పేజీ నిండా ఉన్నా, వరుస ప్రకటనల్లో చిన్నగా ఉన్నా, వ్యాసంలా రాసి ఉన్నా లెక్క ఒక్కటే.

దీనికి ఒకే ఒక్క మినహాయింపు ఉంది. ఇతర పుస్తకాల గురించి సందర్భవశాత్తు వేసే ప్రకటన ఉండొచ్చు. చివరి పేజీలో ‘మా ఇతర ప్రచురణలు’ అన్న జాబితా, అవి తెప్పించుకునే పద్ధతి, బుక్ క్లబ్బులో చేరే వివరం వేసినా అభ్యంతరం లేదు. అయితే అది పుస్తకాలకే పరిమితం కావాలి. ఆ పేజీలోనే బొమ్మలు, టీషర్టులు, సినిమా, వీడియో గేము అమ్ముతుంటే మినహాయింపు పోయినట్టే.

నియమం ఎక్కడా ‘బొమ్మలున్నాయా, అక్షరాలున్నాయా’ అని అడగదు. ‘పిల్లలదా, పెద్దలదా’ అనీ అడగదు. అది అడిగేది ప్రకటన గురించే. యూఎస్‌పీఎస్ ప్రజలకిచ్చే సమాచారంలో ‘కామిక్ పుస్తకాలు ఈ ప్రమాణానికి సరిపోవు’ అని రాసి ఉండడానికి కారణం కూడా ఇదే. నెలనెలా వచ్చే పల్చటి కామిక్ సంచికల్లో ప్రకటన లేనిది దొరకడం అరుదు.

మొదటి పని: పుస్తకాలను మూడు కుప్పలు చేయండి

పంపాల్సినవన్నీ బల్ల మీద పరిచి ఇలా విడదీయండి.

మొదటి కుప్పలోకి పిన్ను కొట్టిన పల్చటి సంచికలు వస్తాయి. మార్వెల్, డీసీ వంటి కంపెనీల నెలవారీ సంచికలన్నీ ఇందులోవే. అమెరికాలో వీటిని ఫ్లాపీలు అంటారు. దాదాపు అన్నిటిలో ప్రకటనలుంటాయి కాబట్టి మీడియా మెయిల్ ఆలోచన వదిలేయండి. సంచిక ఎంత పాతదైనా ఫలితం మారదు. అరవై ఏళ్ల కిందటి కామిక్‌లో ఆ కంపెనీయే మూతపడి ఉండొచ్చు, ఆ సరుకు ఇప్పుడు ఎక్కడా దొరక్కపోవచ్చు, అయినా అచ్చులో ఉన్నది ప్రకటనే. పాత సంచిక సేకరణ విలువ ఎంతైనా తపాలా లెక్కలో దానికి చోటు లేదు.

రెండో కుప్పలోకి వెన్ను అతికించిన సంపుటాలు వస్తాయి. ఐదారు సంచికలను కలిపి వేసే ట్రేడ్ పేపర్‌బ్యాక్‌లు, గట్టి అట్ట సంపుటాలు, లావుపాటి ఆమ్నిబస్‌లు, ఒకే కథగా వచ్చే గ్రాఫిక్ నవలలు, మాంగా అనే జపాను కామిక్స్ సంపుటాలు ఇందులోవి. సాధారణంగా సంపుటం వేసేటప్పుడు సంచికల్లోని ప్రకటనలు తీసేస్తారు. రాయితీకి అర్హత ఉండేవి ఎక్కువగా ఈ కుప్పలోనే.

మూడో కుప్ప పత్రికలది. మన ఇళ్లలో ఎక్కువ తికమక పెట్టేవి ఇవే. 1947 నుంచి మద్రాసులో అచ్చయిన చందమామ మాసపత్రిక. దాని పాత సంచికలను అపురూపంగా దాచుకుని అమెరికాలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పంపుకునే తెలుగువాళ్లు చాలామంది. కథలు, బొమ్మలు ఎంత గొప్పవైనా లోపలి అట్టల మీద, వెనకట్ట మీద బిస్కెట్ల ప్రకటనో, టూత్‌పేస్టు ప్రకటనో కనిపిస్తే అది మీడియా మెయిల్‌కి పనికిరాదు. పన్నెండు సంచికలు కలిపి గట్టి అట్టతో బైండు చేయించినా లోపలి ప్రకటనలు అలాగే ఉంటాయి, కాబట్టి బైండింగుతో అర్హత రాదు. టింకిల్ వంటి పిల్లల పత్రికలకూ ఇదే సూత్రం.

అమర్ చిత్ర కథలను మాత్రం విడిగా, ఒక్కొక్కటిగా చూడాలి. 1967లో మొదలైన ఈ వరుసలోని పుస్తకాలు ఎన్నోసార్లు అచ్చయ్యాయి. ఒకే కథ పాత ముద్రణలో వెనకట్ట మీద ఏదో సరుకు ప్రకటన ఉండొచ్చు, కొత్త ముద్రణలో అదే చోట వాళ్ల ఇతర పుస్తకాల జాబితా ఒక్కటే ఉండొచ్చు. మొదటిది కుదరదు, రెండోది కుదురుతుంది. పేరు చూసి కుప్పలో వేయకండి, మీ చేతిలో ఉన్న ప్రతినే తిరగేయండి.

రెండో పని: పేజీ పేజీ చూడండి

రెండో కుప్పలోని ప్రతి పుస్తకాన్నీ ముందు అట్ట నుంచి వెనకట్ట దాకా తిప్పండి. ఒక్కోదానికి నిమిషం కూడా పట్టదు. ప్రకటన దాక్కునే చోట్లు నాలుగు: ముందు అట్ట లోపలి వైపు, రెండు అధ్యాయాల మధ్య, చివరి నాలుగైదు పేజీలు, వెనకట్ట. అన్నిట్లోకీ చివరి పేజీల దగ్గర ఎక్కువ జాగ్రత్త అవసరం.

ఉదాహరణకి ఒక మాంగా సంపుటం చివర అదే ప్రచురణకర్త వేసిన మరో మాంగా పుస్తకం గురించి ఒక పేజీ ఉందనుకోండి. అది పుస్తకం గురించిన ప్రకటనే కాబట్టి మినహాయింపులోకి వస్తుంది. దాని పక్క పేజీలో ఆ పాత్రల ప్లాస్టిక్ బొమ్మలు అమ్ముతున్నారు, అదే కథ మీద తీసిన సినిమా ఫలానా తేదీన విడుదలని వేశారు. అప్పుడు పుస్తకం మొత్తానికి అర్హత పోతుంది. ఆ ఒక్క కాగితం చింపేసి పంపొచ్చా అని కొందరు అడుగుతారు. పుస్తకాన్ని పాడు చేసి రెండు మూడు డాలర్లు మిగుల్చుకోవడంలో అర్థం లేదు. ఆ ప్రతిని మామూలు పార్శిల్‌లో వేయండి.

సంపుటం చివర ఇచ్చే చిత్రకారుడి నమూనా బొమ్మలు, స్క్రిప్టు పేజీలు, రచయిత ముందుమాట వంటివి ప్రకటనలు కావు, చదువుకునే విషయమే. ‘ఈ కథ తరువాయి భాగం రెండో సంపుటంలో’ అన్న వాక్యంతో కూడా ఇబ్బంది రాదు.

బొమ్మలు గీసుకోవడానికి తెల్లకాగితాలతో వచ్చే స్కెచ్ పుస్తకాలు, డైరీలు, నోటుపుస్తకాలు కామిక్ పాత్రల అట్టతో వచ్చినా ఈ ధరకు వెళ్లవు. వాటిలో చదవడానికి ఏమీ లేదు.

మూడో పని: పెట్టెలో ఇంకేం పెట్టకూడదో చూసుకోండి

అర్హత ఉన్న పుస్తకాల పక్కన అర్హత లేనిది ఒక్కటి చేరినా మొత్తం పార్శిల్ రాయితీ కోల్పోతుంది. సంపుటాల మధ్య సందు ఉందని ఒక ఫ్లాపీ దూర్చడం, మేనల్లుడి కోసం చిన్న బొమ్మ వేయడం, ట్రేడింగ్ కార్డులు, పోస్టరు, టీషర్టు, చాక్లెట్లు పెట్టడం, వీటిలో ఏదీ చేయకండి. వీడియో గేములు కూడా కుదరవు. సినిమా డీవీడీలు, పాటల సీడీలు, అచ్చయిన సంగీత స్వరాల పుస్తకాలు మాత్రం మీడియా మెయిల్ జాబితాలోనే ఉన్నాయి, కలిపి పంపొచ్చు.

ఉత్తరం పెట్టకూడదు. సొంత కబుర్లు రాసిన కాగితం ఫస్ట్ క్లాస్ మెయిల్ కిందికి వస్తుంది, దానికి విడిగా స్టాంపు డబ్బు కట్టాలి. పుస్తకం మొదటి పేజీ మీద ‘చిన్నికి, పుట్టినరోజు శుభాకాంక్షలతో, మావయ్య’ అని రాసివ్వడం మాత్రం నిబంధనల్లోనే అనుమతించారు. అంకితంలా ఒకటి రెండు వాక్యాలుండాలి, అంతే. అమ్మిన పుస్తకమైతే బిల్లు కాగితం పెట్టొచ్చు.

నాలుగో పని: తూకం

మీడియా మెయిల్ ధర బరువును బట్టే, దూరాన్ని బట్టి కాదు. న్యూజెర్సీ నుంచి పక్క వీధికైనా, కాలిఫోర్నియాకైనా, అలాస్కాకైనా ఒకటే చార్జీ. బరువును పౌండ్లలో లెక్కిస్తారు, ఒక్క ఔన్సు ఎక్కువైనా పై పౌండుకే ధర కట్టాలి. అంటే 2 పౌండ్ల 1 ఔన్సు పెట్టెకు 3 పౌండ్ల చార్జీ. పౌండు అంటే 16 ఔన్సులు, మన లెక్కలో 454 గ్రాములు. కాబట్టి పెట్టె, లోపలి కాగితం, టేపు అన్నీ కలిపి తూచాలి. అంకె పౌండు గీతను కొంచెం దాటుతుంటే లావు పెట్టె తీసేసి సరిపోయే పెట్టె వాడినా చాలు, ఒక పౌండు చార్జీ తగ్గుతుంది.

ఇటీవలి ధరల్లో మొదటి పౌండుకు నాలుగైదు డాలర్ల మధ్య పడుతోంది, ఆపైన ఒక్కో పౌండుకు డాలరు కూడా పెరగదు. ధరలు ఏటా మారుతున్నాయి కాబట్టి పంపే రోజు యూఎస్‌పీఎస్ ధరల పట్టిక చూసుకోండి. లాభం ఎక్కడుందో ఈ అంకెలే చెబుతున్నాయి. ముప్పావు పౌండు బరువున్న ఒక్క పల్చటి సంపుటాన్ని దగ్గరి ఊరికి పంపితే మామూలు పార్శిల్‌కీ దీనికీ పెద్ద తేడా రాదు. పది పౌండ్ల సంపుటాలను ఒక తీరం నుంచి మరో తీరానికి పంపితే తేడా చాలా పెద్దది. అందుకే పుస్తకాలు రెండు మూడు విడతలుగా పంపకుండా ఒకే పెట్టెలో వేయడం మేలు.

గరిష్ఠ బరువు 70 పౌండ్లు. పొడవుకు, పెట్టె నడుం చుట్టుకొలతను కలిపితే 108 అంగుళాలు దాటకూడదు. కామిక్స్‌తో ఆ కొలత దాకా వెళ్లరు గానీ బరువు విషయంలో ఆగడం మంచిది. 30 పౌండ్లు దాటిన పుస్తకాల పెట్టెను ఎత్తేటప్పుడు జారవిడుస్తారు, అప్పుడు మూలలు పగులుతాయి. 40 పౌండ్లుంటే రెండు పెట్టెలు చేయండి.

ఐదో పని: కట్టడం

మీడియా మెయిల్ నెమ్మదిగా వెళ్తుంది. యూఎస్‌పీఎస్ చెప్పే గడువు 2 నుంచి 8 పనిదినాలు. దారిలో చేతులు ఎక్కువ మారతాయి, గోదాముల్లో పెట్టెల కింద పెట్టెగా ఉంటుంది. అందుకని గట్టిగా కట్టాలి. కామిక్ సంపుటానికి దెబ్బ తగిలేది ఎక్కువగా మూలల దగ్గర, వెన్ను కొనల దగ్గర. పుస్తకం పెట్టెలో కదలడమే దానికి కారణం.

ముందు ఒక్కో పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూయండి. వానలో ఇంటి గుమ్మం ముందు వదిలి వెళ్లిన పెట్టె తడిస్తే మెరుపు కాగితం పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, వాటిని మళ్లీ విడదీయలేరు. తర్వాత రెండేసి పుస్తకాలను ఒకదాని వెన్ను ఒక వైపు, మరోదాని వెన్ను రెండో వైపు ఉండేలా జత చేయండి. వెన్ను వైపు మందంగా ఉంటుంది కాబట్టి అన్నీ ఒకే వైపు పేరిస్తే దొంతర ఒరిగిపోతుంది. దొంతర పైనా కిందా పుస్తకం కన్నా అర అంగుళం పెద్దగా కోసిన ముడతల అట్ట ముక్కలు పెట్టి, చుట్టూ టేపు వేయండి. ఆ అర అంగుళం అంచే మూలలను కాపాడుతుంది.

పెట్టెలో దొంతరను నాలుగు వైపులా అంగుళం, రెండంగుళాల సందు ఉండేలా పెట్టి ఆ సందును నలిపిన గోధుమరంగు కాగితంతో గట్టిగా కుక్కండి. గాలి బుడగల ప్లాస్టిక్ తేలికైన సామానుకు బాగుంటుంది గానీ పది పౌండ్ల పుస్తకాల కింద బుడగలు పగిలిపోతాయి, సందు మళ్లీ ఏర్పడుతుంది. మూత వేశాక పెట్టెను ఊపి చూడండి. లోపల ఏమాత్రం చప్పుడు వచ్చినా మళ్లీ తెరిచి కాగితం నింపండి. రెండు అంగుళాల ప్యాకింగ్ టేపును మధ్య గీత మీదా, రెండు చివరల అంచుల మీదా వేయండి. పురికొస, సెలొఫేన్ టేపు, రంగులు వేసేటప్పుడు వాడే కాగితపు టేపు పనికిరావు. పురికొస యంత్రాల్లో చిక్కుకుంటుంది, మిగతావి ఊడిపోతాయి.

త్వరగా చేర్చే ప్రయారిటీ మెయిల్ తరగతి కోసం పోస్టాఫీసులో ఉచితంగా దొరికే పెట్టెలు మీడియా మెయిల్‌కి వాడకూడదు. లోపలి వైపు బయటికి తిప్పి కట్టినా ఒప్పుకోరు, ప్రయారిటీ ధర వసూలు చేస్తారు. ఇంటికొచ్చిన వేరే పెట్టెను వాడుకోవచ్చు, పాత లేబుళ్లు, బార్‌కోడ్‌లు మొత్తం పీకేయండి, రానివాటి మీద నల్ల మార్కరుతో దట్టంగా కొట్టేయండి. పాత బార్‌కోడ్ కనిపిస్తే యంత్రం దాన్నే చదివి పెట్టెను వేరే దారి పట్టిస్తుంది.

ఆరో పని: గుర్తు వేసి ఇవ్వడం

చిరునామా ఉన్న వైపే, స్టాంపు చోటు పక్కనో కిందనో, మీడియా మెయిల్ అని ఇంగ్లిషులో పెద్ద అక్షరాలతో స్పష్టంగా రాయాలి. ఆన్‌లైన్‌లో కొన్న లేబుల్ మీద ఇది అచ్చయ్యే ఉంటుంది. పైరేట్ షిప్ వంటి సైట్లలో మీడియా మెయిల్ లేబుల్ తీసుకోవచ్చు. కౌంటరు దగ్గరైతే ‘మీడియా మెయిల్’ అని మీరే ముందు అడగండి. అడక్కపోతే ఖరీదైనది ముందు చూపిస్తారు.

స్టాంపులే అంటించి పంపేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. 10 ఔన్సులు దాటినా, అర అంగుళం మందం దాటినా స్టాంపులు అంటించిన పార్శిల్‌ను వీధిలోని నీలం డబ్బాలో వేయకూడదు. కౌంటరులో చేతికివ్వాలి, లేకపోతే తిరిగి పంపేస్తారు.

కౌంటరులో ‘లోపల ఏముంది?’ అని అడుగుతారు. ‘కామిక్స్’ అన్న ఒక్క మాట అంటే చాలామంది గుమాస్తాలు అక్కడికక్కడే కుదరదంటారు, వాళ్ల మనసులో ఉన్నది ఫ్లాపీ. ఉన్నది ఉన్నట్టుగా, కాస్త వివరంగా చెప్పండి: ‘వెన్ను అతికించిన గ్రాఫిక్ నవలలు, లోపల ప్రకటనలు లేవు, పుస్తకాలు తప్ప ఇంకేం పెట్టలేదు’. పెట్టె పూర్తిగా మూయకుండా తీసుకెళ్లి చూపించి, అక్కడే టేపు వేసుకున్నా బాగుంటుంది. అప్పటికీ కాదంటే సూపర్‌వైజరుతో మాట్లాడాలని మర్యాదగా అడగండి. డొమెస్టిక్ మెయిల్ మాన్యువల్ మొత్తం యూఎస్‌పీఎస్ వారి పోస్టల్ ఎక్స్‌ప్లోరర్ సైట్‌లో అందరికీ అందుబాటులో ఉంది. పుస్తకాల షరతు ఉన్న పేజీ ఫోనులో తీసి పెట్టుకుంటే మాట త్వరగా తెగుతుంది.

పెట్టె మీద ఎంత టేపు వేసినా మీడియా మెయిల్‌ను తపాలా శాఖ తెరిచి చూడొచ్చు. ఈ ధరకు పంపడమంటేనే తనిఖీకి ఒప్పుకున్నట్టు లెక్క. ఫస్ట్ క్లాస్, ప్రయారిటీ పార్శిళ్లకు ఉన్న రక్షణ దీనికి లేదు. తెరిచాక మళ్లీ మూసి పంపుతారు గానీ మీరు కుక్కినంత జాగ్రత్తగా కుక్కుతారని నమ్మలేం. పుస్తకాలను విడివిడిగా వదలకుండా దొంతరగా అట్టల మధ్య కట్టమని పైన చెప్పింది అందుకు కూడా.

ట్రాకింగ్ ధరలోనే ఉంటుంది. బీమా ఉండదు, కావాలంటే అదనంగా కొనుక్కోవాలి. 50 డాలర్లు దాటిన ఆమ్నిబస్‌కు కొనడం మంచిది. అందుకునేవాళ్లు ఇల్లు మారి ఉంటే ముందుగా కొత్త చిరునామా అడగండి. దూరపు కొత్త చిరునామాకు మళ్లించినా, మీకు తిప్పి పంపినా మళ్లీ చార్జీ పడుతుంది.

ఫ్లాపీలను ఎలా పంపాలి

మొదటి, మూడో కుప్పలకు రాయితీ లేదు గానీ దారులున్నాయి.

ఒకటి రెండు సంచికలకైతే గ్రౌండ్ అడ్వాంటేజ్, అంటే యూఎస్‌పీఎస్ మామూలు పార్శిల్ సేవ. 2023 జులైలో వచ్చిన ఈ సేవలో ట్రాకింగుతో పాటు 100 డాలర్ల బీమా కూడా కలిసి ఉంటుంది. కౌంటరు కన్నా ఆన్‌లైన్‌లో లేబుల్ కొంటే చవక. మామూలు కామిక్ సంచిక సుమారు 6.6 అంగుళాల వెడల్పు, 10.25 అంగుళాల పొడవు ఉంటుంది, దానికి తొడిగే ప్లాస్టిక్ సంచీ, వెనక పెట్టే బోర్డుతో కలిపి మూణ్ణాలుగు ఔన్సులు తూగుతుంది. సంచీ మూత అంచును వెనక్కి మడిచి టేపుతో అంటించండి. టేపు జిగురు బయటికి కనిపిస్తుంటే, సంచిక బయటికి తీసేటప్పుడు అట్టకు అంటుకుని రంగు ఊడిపోతుంది. సంచికను రెండు ముడతల అట్టల మధ్య పెట్టాలి. ఒక అట్ట ముడతలు నిలువుగా, రెండోదాని ముడతలు అడ్డంగా ఉండేలా కోస్తే ఏ వైపూ వంగదు. సంచిక జారకుండా సంచీని ఒక అట్టకు కాగితపు టేపుతో నాలుగు మూలలా అంటించండి, ఈ టేపు తేలిగ్గా వచ్చేస్తుంది.

పెద్ద కవరులో ఫస్ట్ క్లాస్ ఉత్తరంలా పంపితే ఇంకా చవక అని కొందరు చెబుతారు. నిజమే, 13 ఔన్సుల లోపు, 12 × 15 అంగుళాల కన్నా, ముప్పావు అంగుళం మందం కన్నా తక్కువుంటే ఆ ధర వర్తిస్తుంది. షరతు ఏంటంటే కవరు వంగాలి. కామిక్‌ను కాపాడటానికి మీరు పెట్టిన అట్ట వల్ల అది వంగదు కాబట్టి గుమాస్తా పార్శిల్ ధర వేస్తాడు. అట్ట తీసేస్తే కామిక్ మడత పడుతుంది. పైగా ఆ దారిలో ట్రాకింగ్ లేదు. చదివి పారేసే ప్రతికి తప్ప దీన్ని వాడకండి.

పెద్ద దొంతరకు ప్రయారిటీ మెయిల్ మీడియం ఫ్లాట్ రేట్ పెట్టె సరిపోతుంది. 11 × 8.5 × 5.5 అంగుళాల రకంలో ఫ్లాపీలు పడుకోబెట్టినా పడతాయి. పెట్టె ఉచితం, బరువు 70 పౌండ్ల దాకా ఎంతున్నా ధర ఒక్కటే, దూరంతో సంబంధం లేదు. కాగితం బరువైన సరుకు కాబట్టి ఇది కామిక్స్‌కి బాగా కలిసొస్తుంది. దగ్గరి ఊరికైతే గ్రౌండ్ అడ్వాంటేజ్‌తో ఒకసారి పోల్చి చూడండి.

ప్రకటనలున్నా అనుమతించే బౌండ్ ప్రింటెడ్ మ్యాటర్ అనే తరగతి కూడా ఉంది, 15 పౌండ్ల దాకా. అది పెద్ద సంఖ్యలో పంపే సంస్థల కోసం ఉద్దేశించింది, ఇంటి నుంచి ఒకటి రెండు పంపేవాళ్లకు పనికిరాదు.

తెలుగు బడులు, సంఘాలు నడిపేవాళ్లకు: లైబ్రరీ మెయిల్

వారాంతపు తెలుగు బడులు, లాభాపేక్ష లేని సంఘాలు పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు చాలామందికి తెలియని తరగతి ఇది. ధర మీడియా మెయిల్ కన్నా కొంచెం తక్కువ. బడులు, కళాశాలలు, గ్రంథాలయాలు, మ్యూజియంలు, విద్య, మతం, సేవ వంటి రంగాల్లోని లాభాపేక్ష లేని సంస్థలు ఒకదానికొకటి గానీ, తమ సభ్యులకు, పాఠకులకు గానీ అరువుగా, మార్పిడిగా పంపుకునే వాటికి ఇది వర్తిస్తుంది. ఇందులో విశేషమేమంటే, జాబితాలో పత్రికలు కూడా ఉన్నాయి, బైండు చేసినా చేయకపోయినా. అంటే సంఘం గ్రంథాలయంలోని చందమామ సంచికలను వేరే రాష్ట్రంలోని మరో తెలుగు సంఘానికి అరువుగా పంపాలంటే మీడియా మెయిల్‌లో మూసుకుపోయిన తలుపు ఇక్కడ తెరుచుకుంటుంది.

పంపేవారి చిరునామాలో గానీ అందుకునేవారి చిరునామాలో గానీ సంస్థ పేరు తప్పకుండా ఉండాలి. లైబ్రరీ మెయిల్ అన్న గుర్తు వేయాలి. సంస్థ లాభాపేక్ష లేనిదని చూపే కాగితం నకలు మొదటిసారి వెంట తీసుకెళ్లండి, అడిగితే ఇవ్వొచ్చు. వ్యక్తి నుంచి వ్యక్తికి ఈ తరగతి వాడకూడదు. ఒకే రకం పెట్టెలు తరచూ పంపాల్సిన సంఘమైతే మీ పోస్ట్‌మాస్టరు ద్వారా తపాలా శాఖ వర్గీకరణ కేంద్రం నుంచి ముందే రాతపూర్వక నిర్ణయం తెప్పించుకోండి. ప్రతిసారీ కౌంటరులో వాదించే శ్రమ తప్పుతుంది.

ఇండియాకు పంపాలంటే, ఇండియాలో పంపాలంటే

మీడియా మెయిల్, లైబ్రరీ మెయిల్ రెండూ అమెరికా లోపలే. ప్యూర్టోరికో, గువామ్ వంటి భూభాగాలకు, సైన్యం చిరునామాలకు వెళ్తాయి, హైదరాబాదుకు వెళ్లవు. విదేశాలకు అచ్చు పుస్తకాలు పంపే ఎం-బ్యాగ్ అనే పద్ధతి ఉంది. ఒకే వ్యక్తి పేరున ఒక సంచీ, 66 పౌండ్ల దాకా. ఎంత తక్కువ పెట్టినా కనీసం 11 పౌండ్ల ధర కట్టాలి కాబట్టి కొద్ది పుస్తకాలకు గిట్టదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉన్నవాళ్లకు ఇండియా పోస్టు 2025 మే 1న ప్రారంభించిన జ్ఞాన్ పోస్ట్ ఉంది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు, పన్ను అదనం. రోడ్డు, రైలు మార్గాల్లో వెళ్తుంది, ట్రాకింగ్ ఉంటుంది. విద్య, సామాజిక, సాంస్కృతిక, మత విషయాల అచ్చు పుస్తకాలకే ఇది. ఇక్కడి షరతు అమెరికా షరతుకు చాలా దగ్గర: వ్యాపార ప్రచురణలు, ప్రకటనలున్నవి పనికిరావు, సందర్భవశాత్తు వేసిన ప్రకటనలు, పుస్తకాల జాబితా ఉండొచ్చు. దీనికి తోడు పుస్తకం మీద ముద్రాపకుడి పేరో, ప్రచురణకర్త పేరో అచ్చయి ఉండాలి. పురాణ కథల బొమ్మల పుస్తకాలు, మహనీయుల జీవిత చరిత్రల కామిక్స్ పంపేటప్పుడు ఆ పేరున్న పేజీ, వెనకట్ట ముందుగా చూసుకుని, కౌంటరులో తెరిచి చూపించడానికి వీలుగా పొట్లం ఒక వైపు అంటించకుండా తీసుకెళ్లండి.